రెండు గంటల చుక్కలు

పెద్ద నర్సమ్మ ఏలుబడిలో ఎముకల వార్డులో రోగి కాదు కదా, రోగి చెంచా కూడా నేల ముఖం చూడలేదు. ఇరవై ఆరేళ్ళు! ఆవిడ అడుగుల చప్పుడుకే మంచాలు వాటంతటవే వరుసలో సర్దుకునేవి. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ మారే వేళ వెళ్ళేవాళ్ళనీ వచ్చేవాళ్ళనీ ఒకే గదిలో కూర్చోబెట్టి తలుపు వేయించేది. ఏ మంచానికి ఏ మందో, ఎవరికెంత జ్వరమో అరగంటలో అప్పగించాలి. ఆ అరగంటా ఎవరూ తలుపు తట్టకూడదు. ఒకప్పుడు ఆ గోలలో ఒకరి మందు మరొకరికి వెళ్ళబోయిందని ఆవిడే పెట్టిన కట్టుబాటు.

అలాంటి తలుపును ఒకరోజు రెండూ ఐదుకు ఎవరో టకటకా కొట్టారు. చూస్తే రికార్డులాయన. వరండాలో కొత్తగా కంప్యూటరు తెర బిగించి, ఏ వార్డులో ఏం జరుగుతోందో రంగుల్లో చూపించడం ఆయన పని. పడిపోయిన ప్రతి రోగికీ ఓ ఎర్ర చుక్క పెడతాడని నర్సులు ఆయన్ని చుక్కలాయన అనేవాళ్ళు.

"ఏం, కొంపేమన్నా మునిగిందా చుక్కలాయనా?"

"మునగలేదమ్మా, జారుతోంది. ఒక్కసారి వచ్చి చూడండి."

సరే, నా కోతలు ఇక్కడితో చాలు. చెంచాలూ పడ్డాయి, రోగులూ పడ్డారు. మూడు నెలల్లో పదకొండు మంది. పడ్డప్పుడల్లా ఆవిడ దాచకుండా రిజిస్టరులో రాసింది, తడి నేలనీ అరిగిన చెప్పుల్నీ తిట్టింది, వేరే పనిలో పడిపోయింది. ఇప్పుడలా వదిలేయడానికి లేదు. కిటికీ పక్క మంచంలో ఉన్నది ఆవిడ సొంత అక్క. తుంటి ఎముక ఆపరేషనై నాలుగో రోజు. మళ్ళీ పడితే ఇక నడక మాట మరిచిపోవాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు.

ఆవిడ తెర ముందు నిలబడి కళ్ళజోడు సర్దుకుంది. "ఏమయ్యా, నా వార్డుకి తట్టు పోసినట్టుందే!"

"ఎన్నున్నాయో వదిలేయండమ్మా. ఎక్కడున్నాయో చూడండి. కింద ఉన్నవి గంటలు."

చూసింది. ఉదయం ఖాళీ. సాయంత్రం ఖాళీ. తెల్లవారుజామున ఒకే ఒక్కటి, మంద తప్పిన గొర్రెలా. మిగతా పదీ రెండుకీ రెండున్నరకీ మధ్య, తీగ మీద పిట్టల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి.

ఆ పదీ తన చేత్తో రాసినవే. పది మందీ వేరువేరు రోజుల్లో, వేరువేరు కారణాలతో పడ్డారనుకుంది. చిన్నప్పుడు ఎవరో వేలితో ఆకాశంలో గీత గీసి చూపిస్తే, ఆ తరవాత ఆ చుక్కలు ఇక ఎన్నడూ విడివిడిగా కనపడవు చూడండి, అలా అయింది. పదీ కలిసి ఒక మూసిన తలుపును చూపిస్తున్నాయి.

"టైమెంతయ్యా?"

"రెండూ పది."

యాభై ఏడేళ్ళ మనిషి పరుగందుకుంది. వార్డులో అక్క అప్పటికే ఒక కాలు నేల మీద మోపి, రెండో కాలికోసం మంచం పట్టెను బతిమాలుతోంది.

"ఎక్కడికే అక్కా!"

"అరవకే, గుండె జారిపోతుంది. బాత్రూముకి."

"పిలవడానికి నోరు లేదూ?"

"మీరు తలుపేసుకున్నారుగా. ఆ టైములో అమ్మగారిని కదిలించకూడదని పక్క మంచం పెద్దావిడ నేనొచ్చిన రోజే చెప్పింది. ఆవిడకి అంతకుముందున్నావిడ చెప్పిందట. పాపం, మీ తలలు వేడెక్కి ఉంటాయి, మనమే మెల్లిగా వెళ్ళొద్దామని..."

పెద్ద నర్సమ్మ అక్క చంక కింద చెయ్యేసి పట్టుకుంది. తన మీద గౌరవంతోనే పడ్డారు పది మందీ.

మర్నాడు ఆ తలుపు ఊడబీకించింది. అప్పగింతలు మంచం మంచం దగ్గరికీ వచ్చాయి. ఒకరు చదివితే ఇంకొకరు రోగి చేతికున్న పేరు పట్టీతో సరిచూడాలి. అన్నిటికన్నా ముందు అడగాల్సింది బాత్రూము సంగతి.

"నా బాత్రూము వైభవం పదిమందిలో చాటింపా?" అంది అక్క.

"చాటింపే. లే, చెయ్యి పట్టుకో."

మూడు నెలలు గడిచాయి. చూపించుకోవడానికి వచ్చిన అక్క, కర్ర పొడుచుకుంటూ తన కాళ్ళ మీదే నడిచి, తెర ముందున్న చెల్లెలి పక్కకి చేరింది. సాయంత్రం వైపు ఒక చుక్క ఉంది. రెండు గంటల గడిలో తెల్లటి ఖాళీ.

"ఏముందే అక్కడ, అంత కళ్ళప్పగించావు?"

"ఏమీ లేదక్కా," అంది పెద్ద నర్సమ్మ, సముద్రాన్ని మొదటిసారి చూసినట్టు చూస్తూ. "చూడు. ఏమీ లేదు."

ఇందులో తలుపు ఊడబీకించడం మాత్రం నా కల్పన. తలుపు ఇప్పటికీ ఉంది, తెరిచే ఉంది. మూసుకోకుండా ఒక కుర్చీ అడ్డం పెట్టారు. చూపించుకోవడానికి వచ్చినప్పుడల్లా అక్క కూర్చునేది అందులోనే.