ఆరు వోల్టుల డైనమో

సీమోను మేస్త్రికి ఆ సంగతి తెలుసా, తెలియదా? ముప్పై ఎనిమిదేళ్లుగా పట్టుకుని ఉన్న ఆ అనుమానం, కారు బానెట్ ఎత్తి డైనమో బోల్టులు వదులు చేస్తుంటే నాగదుర్గారావు గుండెలో మళ్లీ కదిలింది.

తాడేపల్లిగూడెంలో పెంటపాడు రోడ్డు పక్కన రేకుల షెడ్డు అతనిది. ఎదురుగా ఉన్నది బియ్యం వ్యాపారి జనార్దనరావుగారి తండ్రినాటి కారు. ఆరు వోల్టుల బండి. ఆ బ్యాటరీలు ఇప్పుడు దొరకవు. లైటు వేసినా వేయనట్టే ఉంటుంది. అందుకని పన్నెండుకు మారుస్తున్నాడు. బల్బులు, హారన్ నిన్ననే మార్చాడు. బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో తీసి, దాని బదులు ఆల్టర్నేటర్ బిగించి, కొత్త బ్యాటరీ కలిపితే అయిపోతుంది.

అప్పుడూ ఈ కారే. ఏలూరులో సీమోను దగ్గర పని నేర్చుకునే రోజులు. దసరాకు షెడ్డులో పూజ చేసుకుంటానంటే, ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే సీమోను కాదనలేదు. నాగదుర్గారావు స్పానర్లకు, సుత్తికి, విప్పి పక్కన పెట్టిన ఈ కారు బ్యాటరీకి కూడా భక్తిగా కుంకుమ బొట్టు పెట్టాడు. ఆ బొట్టు మైనస్ టెర్మినల్ మీద పడింది. ఎరుపు కనిపిస్తే ప్లస్ అనుకోవడం ఈ పనిలో అందరికీ అలవాటు. సాయంత్రం హడావుడిలో సీమోను ఎరుపు చూసి తీగలు కలిపేశాడు. ఇంజను తిరిగిన కాసేపటికి డైనమో పొగలు కక్కింది.

అందరూ పొగవైపు చూస్తుండగా నాగదుర్గారావు గుడ్డతో బొట్టు తుడిచేశాడు.

తప్పు తనదేనని జనార్దనరావుగారి తండ్రి ముందు సీమోను తల వంచుకున్నాడు. మూడు రోజులు కదలకుండా కూర్చుని, రాగితీగ తన చేత్తోనే చుట్టి ఆ డైనమోకు ప్రాణం పోశాడు. బొట్టు పెట్టడం తప్పు కాదు, తుడవడమే తప్పు అని నాగదుర్గారావుకు రోజూ దీపం వెలిగించేటప్పుడు అనిపిస్తుంది. అమ్మవారు దీన్ని ఏ లెక్కలో వేసుకుందో అతనికి తెలియదు.

పదకొండింటికి గణపవరం నుంచి సీమోను కూతురు సరోజ ఫోన్ చేసింది.

"నాన్న నిన్నటి నుంచి మంచినీళ్లు కూడా మింగట్లేదు బాబాయ్. దుర్గా వచ్చాడా, దుర్గా వచ్చాడా అంటున్నారు."

నాగదుర్గారావు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఆల్టర్నేటర్ బిగించాడు గానీ, బ్యాటరీ తీగలు వెంటనే కలపలేకపోయాడు. కళ్లద్దాలు తుడుచుకుని గుర్తులు చూశాడు. మీటర్ పెట్టాడు. తీసి మళ్లీ పెట్టాడు.

"ఏవండీ, పెళ్లిచూపులా? ఎన్నిసార్లు చూస్తారండీ దాన్ని," అన్నారు కుర్చీలో కూర్చున్న జనార్దనరావుగారు.

నాగదుర్గారావు తలెత్తకుండానే ఫోన్ సంగతి చెప్పాడు. ఆయన నవ్వు ఆపేసి లేచారు. ఎలాగూ ట్రయల్ వేయాలి కదా, గణపవరమే పోదాం పదమన్నారు.

దారి పొడవునా చేలు, చెరువు గట్లు. ఆయన తోలుతుంటే నాగదుర్గారావు ఛార్జింగ్ ముల్లు మీద నుంచి కళ్లు తిప్పలేదు. విప్పిన డైనమో ఒళ్లో ఉంది.

సీమోను వరండాలో మంచం మీద ఉన్నాడు. ఒకప్పటి మనిషిలో సగం కూడా లేడు. నాగదుర్గారావు డైనమోను ఆయన చేతికి అందేలా మంచం పక్కన స్టూలు మీద పెట్టాడు. సీమోను వేళ్లు దాన్ని మెల్లగా తడిమాయి.

"ఆ రోజు బొట్టు నేను పెట్టిందేనండి మేస్త్రీ. తుడిచిందీ నేనే."

సీమోను ఊపిరి కూడదీసుకున్నాడు.

"కుంకుమ నా బొటనవేలికి అంటుకుందిరా అప్పుడే."

"మరి అడగలేదేమండి?"

"నువ్వే చెబుతావని చూశా." పెదవి చివర చిన్నగా కదిలింది. "బాగా లేటు చేశావు."

నాగదుర్గారావు ఆయన పాదాల మీద తల ఆనించాడు. సరోజ చెంచాతో నీళ్లు పోస్తే సీమోను ఒక్క గుక్క మింగాడు.

దీపాలు పెట్టే వేళకు ఊపిరి ఆగిపోయింది. మంచం ఖాళీ అయింది. వచ్చినవాళ్లకు చోటు కోసం వరండాలో సామానంతా లోపలికి చేర్చారు గానీ, స్టూలు మీది డైనమోను ఎవరూ ముట్టుకోలేదు. దాని మసి మీద నాలుగు వేళ్ల గీతలు ఉన్నాయి.