నిమ్మకాయ బరువు

నాయ్‌గావ్‌లో డ్రోన్ శిక్షణ మొదలైన రోజే, పొలంలో మందు కొట్టే కొత్త డ్రోన్ కాలికి, నేర్చుకోవడానికొచ్చిన ఇందుబాయి నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. కొత్త ట్రాక్టర్‌కు కట్టరా ఏంటి?

“గీ బరువుకు డ్రోన్ ఒరుగుతది, తీసెయ్!” అని నేర్పే అనికేత్ సార్ కసిరాడు. క్లాసంతా నవ్వింది. ఆమె మూతి ముడుచుకుని విప్పేసింది.

“ఇగ సూడుండ్రి, ఎట్ల లేపాల్నో!” అంటూ సార్ రిమోట్ అందుకున్నాడు. డ్రోన్ జుయ్యిమని లేచి, సోయా చేను దాటి, తుమ్మచెట్టులో ఇరుక్కుంది. ఇందుబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మర్నాడు డ్రోన్‌కు కొత్త రెక్కలొచ్చాయి. సార్ చేతిలోని రిమోట్‌కు నిమ్మకాయ వేలాడుతోంది.

“డ్రోన్‌కైతే బరువు గని, రిమోట్‌కు ఏం బరువు?” అన్నాడాయన ఎటో చూస్తూ.

ఇందుబాయి దగ్గరికెళ్లి పరీక్షగా చూసింది.

“మిరపకాయలేవి సార్?”

సార్ బండి తీసి బజారుకు పోయాడు.