రాజ్యలక్ష్మి తట్టు

పిల్లలూ, మీరు పెరుగుతున్న ఈ ఊళ్లో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. అవి ఏ ఏటి నీళ్లని ఎవరూ అడగరు. గుక్క తాగి ఇవి ఫలానా ఊరి నీళ్లని చెప్పగలిగిన మనుషులు ఒకప్పుడు హైదరాబాదులో, కృష్ణానగర్‌లోని ఒక గల్లీలో ఉండేవాళ్లు. ఆ సంగతి మీకెవరూ చెప్పలేదు. చెప్పాలంటే ముందు ఒక బరువైన మనిషి గురించి, ఒక పొట్టి గుర్రం గురించి చెప్పాలి. వింటూ తినండి, కంచంలో మెతుకులు వదలకండి.

అప్పట్లో ఫిల్మ్‌నగర్‌లో ఇళ్లకన్నా బండలెక్కువ. పొద్దున్నే ఎక్కడో ఒకచోట రాయి పేల్చేవారు, జూబ్లీహిల్స్ వైపు కొత్త ఇళ్ల పునాదులకి. ఆ చప్పుడు వినపడే వేళకి కింద కృష్ణానగర్‌లో రాజ్యలక్ష్మి తయారైపోయి ఉండేది. బిందెడు నీళ్లుంటే సగం ఒంటికి, సగం వంటకి. తల దువ్వి, జడ చుట్టి, సంచిలో ఇంకో చీర పెట్టుకుని జూనియర్ ఆర్టిస్టుల వ్యాను కోసం రోడ్డు మీదికొచ్చేది. వ్యానులో అందరూ ఎక్కాక ఎక్కేది. ఎవరి పక్కన కూర్చుంటే వాళ్లకి ఇరుకవుతుందోనని వెనక చక్రం మీద, ఎత్తెత్తి వేసే సీటు తానే తీసుకునేది.

మనిషి భారీ. యూసుఫ్‌గూడ బియ్యం కొట్టు కాటా మీద ఒకసారి సరదాగా నిలబెడితే బస్తా కన్నా ఎక్కువే తూగింది. ఆ రోజు నుంచి రాత్రిపూట సగం అన్నమే తినేది. తన బరువు ఇంకొకరి మీద పడకూడదని ఆమెకి ఎప్పుడూ ఒకటే దిగులు. స్కూటరు వెనక కూర్చోమంటే వద్దని నడిచేది. నలుగురూ కూర్చున్న మంచం మీద కూర్చునేది కాదు.

ఆ అలవాటు వాళ్ల నాన్న నుంచి వచ్చింది. ఆయనకి పిఠాపురం స్టేషను దగ్గర జట్కా ఉండేది. ఏలేటి కాలవ మీది వంతెన వచ్చేసరికి ఆయన బండి దిగి, కళ్లెం పట్టుకుని నడిచేవాడు. పక్కన కూర్చున్న కూతుర్ని కూడా దింపేవాడు. "ఎత్తు వచ్చినప్పుడు దిగాలమ్మా. దానికీ ఊపిరి ఉంటుంది కదా" అనేవాడు. పదేళ్ల పిల్ల గుర్రంతో పాటు వంతెన ఎక్కి, అవతల మళ్లీ బండెక్కేది. సినిమాల్లో చేరి, మద్రాసులో కొన్నేళ్లు, పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చి కొన్నేళ్లు అయినా ఆమె ఇంకా వంతెన దగ్గర దిగుతూనే ఉంది.

అలాంటి మనిషికి ఒక వేషం వచ్చింది. గుంపులో నిలబడి ఏడవడం కాదు, మాటలున్న వేషం. కరువు ప్రాంతంలో ఊరూరా తిరిగి పురుళ్లు పోసే మంత్రసాని. తెర మీద పేరు కూడా వేస్తామన్నారు. పిఠాపురం టాకీసులో ఆ పేరు పడితే, జట్కా స్టాండులో మిగిలిన నలుగురూ చదివి, ఫలానావాడి కూతురని చెప్పుకుంటారు. ఆమె ఆశ అంతే. అయితే ఆ మంత్రసాని గుర్రం మీద తిరుగుతుంది.

ప్రొడక్షన్ మేనేజరు పట్టాభిరామయ్యది తెనాలి. మంచివాడే, నోరే ఆగదు. "నువ్వెక్కితే గుర్రానికి పురుడు పోయాలేమోనమ్మా" అన్నాడు అందరి ముందూ. నవ్వులయ్యాక, కాస్త మెత్తబడి, షూటింగు నాటికి తగిన గుర్రం చూసుకుంటే సరే, లేదంటే ఎద్దుబండి పెట్టి వేరేవాళ్లని పిలుస్తానన్నాడు.

సినిమాలకి గుర్రాలు కిరాయికిచ్చే వీరయ్య కొట్టం రహమత్ నగర్‌లో ఉండేది. ఆయన ముందు హీరోలెక్కే తెల్ల కాఠియావాడీ గుర్రాన్ని చూపించాడు. అంత ఎత్తు ఎక్కడానికి రాజ్యలక్ష్మికి నిచ్చెన కావాలి. తర్వాత పెళ్లి ఊరేగింపులకి తీసుకెళ్లే ఆడగుర్రాన్ని తెచ్చాడు. సన్నగా, నడుము పొడుగ్గా, బొమ్మలా ఉంది. ఫోటోలో మస్తుగ ఉంటది అక్కా అన్నాడు. రాజ్యలక్ష్మి వంగి దాని ముందుకాలి మోకాలి కింద వేళ్లు చుట్టి చూసింది. వేళ్లు సులువుగా కలిసిపోయాయి. పెళ్లికొడుకుని గంటసేపు మోస్తుంది కానీ తనని రోజంతా మోస్తే దీని నడుము జారుతుందని, వద్దంది.

"గింత సోచాయిస్తే ఎట్లక్కా? సినిమాకే గదా" అన్నాడు వీరయ్య.

"సినిమాకే. కానీ బరువు నిజమైనదే కదండీ" అంది రాజ్యలక్ష్మి.

అలా ఇద్దరూ జహీరాబాదు అంగడికి, పశువుల సంతకి, వెళ్లారు. అటువైపు పొట్టి గుర్రాన్ని తట్టు అంటారు. దక్కను రాళ్ల మీద పుట్టి పెరిగిన జాతి. చూడ్డానికి అందంగా ఉండవు గానీ బస్తాలు మోసుకుంటూ ఊళ్లు దాటిపోతాయి. అంగడి చివర ఒక మట్టిరంగు తట్టు నిలబడి ఉంది. ఛాతీ వెడల్పు, వీపు పొట్టి, మెడ దుంగలా ఉంది. రాజ్యలక్ష్మి మోకాలి కింద వేళ్లు చుట్టింది. వేళ్లు కలవలేదు. తన బరువుకి మించి జొన్నల బస్తాలు దాని మీద వేయించి, అంగడి చుట్టూ నడిపించి, డొక్కల మీద చెయ్యి వేసి ఊపిరి చూసింది. నిద్రపోయే పసిబిడ్డలా తీస్తోంది. దాని పేరు పహిల్వానట.

అమ్మేవాడు అంగడి చుట్టూ తడిసిన అడుగుల్ని చూపించి, నిజాయితీగా దాని లోపం చెప్పాడు. బరువు మోస్తుంటే దాని అడుగుల్లో నీళ్లు ఊరుతాయి. ఎక్కడి బరువైతే అక్కడి నీళ్లు. మంజీర ఇసుక వేస్తే మంజీర నీళ్లు, ఫరవాలేదు. మూసీ ఇసుక వేస్తే వాసన. పిల్లలెక్కితే తేలిక కాబట్టి ఏమీ ఉండదు. గిట్టలు ఎప్పుడూ తడిగా ఉంటాయని జనం కొనడం లేదు.

"నానిన గిట్టలు మెత్తబడతాయి. సాయంత్రం పొడిగుడ్డతో తుడిచి వేపనూనె రాయాలి" అంది రాజ్యలక్ష్మి, వీరయ్య మరిచిపోకుండా రెండుసార్లు. వీరయ్య తన కొట్టానికి బేరం కుదుర్చుకున్నాడు. లారీలో పంపిస్తానన్నాడు అమ్మేవాడు.

తట్టు వచ్చిన రోజున రాజ్యలక్ష్మి ఊళ్లో లేదు. వికారాబాదు అడవిలో గుంపు వేషానికి వెళ్లింది. వీరయ్య కృష్ణానగర్ వచ్చి, ఆమె ఉండే ఇంటి యజమానురాలు అనసూయమ్మకి కబురు చెప్పాడు. అనసూయమ్మది గుంటూరు పక్క పల్లె.

"రాజ్యలక్ష్మక్కకు తట్టు వచ్చిందమ్మా. మంచి బలమైన తట్టు. రెండు దినాలు ఎండకు బయటికి తియ్యొద్దు. పిల్లగాండ్లను దగ్గరికి రానియ్యొద్దు" అన్నాడు.

గుంటూరు పక్క తట్టు అంటే ఒళ్లంతా ఎర్రగా పేలే జ్వరం. చిన్నపిల్లలకి వచ్చేది, అంటుకునేది. అనసూయమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుని, ఈ వయసులో తట్టేంటి నాయనా అంది. వయసు నాలుగేళ్లే, పండ్లు చూసినమన్నాడు వీరయ్య. గుర్రానికి పళ్లు చూసి వయసు కడతారు. ఆమెకి అదేం అర్థం కాలేదు, కంగారులో అడగనూ లేదు. షూటింగులకి తిరిగే మనిషి గనక అడవి నుంచి కబురు తెచ్చాడనుకుంది. ఆయన వెళ్లగానే రాజ్యలక్ష్మి గది గుమ్మానికి వేపకొమ్మలు కట్టింది. షూటింగు సంగతి చెబుదామని ఆ సాయంత్రమే పట్టాభిరామయ్య స్కూటరు మీద వస్తే, గేటు దగ్గరే ఆపి సంగతి చెప్పింది. ఆయన స్కూటరు దిగకుండానే వెనక్కి తిప్పాడు. తెనాలిలోనూ తట్టంటే తట్టే. పైగా పురుటి సీనుకి నెలల పసిగుడ్డుని తెస్తున్నారు.

షూటింగు రోజు తెల్లవారుతూనే వికారాబాదు బస్సు దిగిన రాజ్యలక్ష్మి ఇంటికి వెళ్లలేదు, ఆలస్యమవుతుందని నేరుగా రహమత్ నగర్ కొట్టానికి వెళ్లింది. పహిల్వాను తల నిమిరి, బొంత మీద జీను బిగించి, కళ్లెం పట్టుకుని ఫిల్మ్‌నగర్ దాకా నడిచే వెళ్లింది. దారంతా ఎక్కుడే కదా. ఎక్కుడులో ఆమె ఎలా ఎక్కుతుంది?

లొకేషన్‌లో ఎద్దుబండి ఉంది. బండిలో రాజ్యలక్ష్మి కోసం కుట్టిన నేత రవిక తొడుక్కుని, మద్రాసు నుంచి వచ్చిన ఒక సన్నపాటి నటి కూర్చుని ఉంది. రవిక వదులై వెనక పిన్నీసులు పెట్టారు.

పట్టాభిరామయ్య రాజ్యలక్ష్మిని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "దూరంగా ఉండమ్మా తల్లీ. నీకు తట్టు వచ్చిందిగా."

"వచ్చిందండీ. మొన్ననే వచ్చింది. ఇదిగో" అని పక్కకి జరిగి చూపించింది.

ఆయన తట్టుని చూశాడు. ఆమె ముఖం మీద పొక్కులేమైనా ఉన్నాయేమో చూశాడు. మళ్లీ తట్టుని చూశాడు. అర్థమయ్యాక లైట్ల పెట్టె మీద కూలబడిపోయాడు. పొద్దున్నే ఆవిడ మీద షాట్లు తీసేశారమ్మా, డైరెక్టరు గారు ఇంక మార్చరు అన్నాడు.

"పేరు?" అంది రాజ్యలక్ష్మి.

"ఆవిడదే పడుతుంది."

సరేనండీ అని ఆమె కళ్లెం తిప్పింది. ఎవరి మీదా కోపం చూపించలేదు. కోపం కూడా ఒక బరువే అనుకునే మనిషి.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి, దిగుడంతా తట్టు పక్కనే నడిచింది. దిగుడులో ముందుకాళ్ల మీద బరువు పడుతుందని నాన్న చెప్పేవాడు. నేల చదునయ్యాక కూడా నడుస్తూనే ఉంది. అప్పుడు పహిల్వాను ఆగిపోయింది. లాగింది, కదల్లేదు. అదిలించింది, కదల్లేదు. రోడ్డుకి అడ్డంగా తిరిగి, జీను ఆమె చేతికి తగిలేలా పక్కకి నిలబడి, తల వెనక్కి తిప్పి చూసింది. వెనక ఒక లారీ హారను కొడుతోంది.

"నా బరువు నీకెందుకురా" అంది. అది కదల్లేదు.

ఇక తప్పక, పక్కనున్న బండ మీద కాలు పెట్టి ఎక్కింది. ఎక్కి కూర్చున్నాక కళ్లు మూసుకుంది, దాని నడుము కుంగుతుందేమోనని. కుంగలేదు. తట్టు ఒక్కసారి ముక్కు చీది, నిమ్మళంగా నడక మొదలుపెట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె పూర్తి బరువు వేసి కూర్చున్నది అదే మొదటిసారి.

కొంత దూరం పోయాక ఒక వాసన వచ్చింది. తడి నాచు, చెరకు ఆకు, ఎండకి వేడెక్కిన వంతెన రాయి. వెనక్కి తిరిగి చూసింది. ప్రతి అడుగులోనూ చెంబుడు నీళ్లు నిలిచి మెరుస్తున్నాయి. ఒక దాంట్లో గోరంత పరిగెపిల్ల తిరుగుతోంది. ఏలేటి కాలవ నీళ్లు. ఎక్కడున్నా గుర్తుపడుతుంది.

కృష్ణానగర్ గల్లీలో ఆ రోజు ట్యాంకరు రాలేదు. ముందు రోజు కూడా రాలేదు. బిందెలు వరసలో ఉన్నాయి, వాటి పక్కన ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. తట్టు వాళ్ల మధ్యగా నడిచింది. ఎదురింటి మల్లమ్మ లేచి, చెంబుతో ఒక అడుగులోని నీళ్లు తోడి, కొంగుతో వడకట్టి తాగి చూసింది. తోడిన అడుగు మళ్లీ నిండింది.

"మనయి గావు. తియ్యగున్నయి" అంది. తర్వాత తల పైకెత్తి, "ఇంకోపారి తిరిగొస్తవా అక్కా?" అని అడిగింది.

రాజ్యలక్ష్మి దిగి, తట్టు డొక్కల మీద చెయ్యి వేసి ఊపిరి చూసింది. గిట్టలు ఎత్తి చూసింది. కాసేపు నీడలో నిలబెట్టి, మళ్లీ ఎక్కింది.

ఆ ఎండాకాలమంతా అదే పని. వీరయ్య పొద్దున్నే తట్టుని తోలుకొచ్చేవాడు. ఆమె గల్లీ ఈ చివర్నుంచి ఆ చివరకి తిరిగేది. తమిళ డ్యాన్సరు పిల్లలు, లైట్‌మెన్‌లు, మేకప్‌వాళ్లు, అందరూ చెంబులతో వచ్చేవాళ్లు, గుక్క తాగి ఇవి పిఠాపురం నీళ్లని చెప్పేవాళ్లు. అడుగు ఎంత లోతుగా పడితే నీళ్లు అంత ఎక్కువని కనిపెట్టింది అనసూయమ్మే. వేపకొమ్మలు కట్టిన చేత్తోనే ఒకరోజు గుమ్మడికాయ పులుసు, ముద్దపప్పు పట్టుకొచ్చింది. "నా చెవులు మండా, నీ వేషం పోగొట్టాను. ఇంకో ముద్ద తిను" అంది. మర్నాడు మల్లమ్మ జొన్నరొట్టె తెచ్చింది. తర్వాత వంతులేసుకున్నారు. సగం కంచం దగ్గర లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టేవాళ్లు. ఆమె నలుగురూ కూర్చున్న మంచం మీద, మధ్యలో కూర్చుని కడుపునిండా తినేది.

ఆ సినిమా వచ్చింది, పోయింది. పట్టాభిరామయ్య ఇంకో మాటల వేషం పట్టుకుని వస్తే, ఎండాకాలం అయ్యాక చూద్దామండీ అంది. ఎండాకాలాలు అవుతూనే ఉన్నాయి. తెర మీద ఆమె పేరు ఎప్పుడూ పడలేదు.

కొన్నేళ్లకి ఆ గల్లీకి పెద్ద పైపులొచ్చాయి. పహిల్వాను ముసలిదయింది. ఎవరూ ఎక్కకపోయినా సాయంత్రాలు ఆమె దాని పక్కన నడిచేది, గిట్టలు తుడిచేది. తర్వాత ఇద్దరూ లేరు. కానీ యూసుఫ్‌గూడ స్టాండులో ఆటో ఎక్కి, ఎక్కడికంటే, రాజ్యలక్ష్మి గల్లీ అనేవాళ్లు జనం. ఏ రాజ్యలక్ష్మి అని ఆటోవాళ్లు అడిగేవాళ్లు కాదు. ఒకసారి పిఠాపురం నుంచి వేషాల కోసం వచ్చిన ఒక కుర్రాడు ఆటోలో ఆ మాట విని, ఆ పేరు గల మనిషి మా జట్కా స్టాండు తాతగారి కూతురే అని డ్రైవరుకి గొప్పగా చెప్పుకున్నాడు.

పిల్లలూ, మీ కంచాలు ఖాళీ అయ్యాయి. సంతోషం. రేపు మీకూ పిల్లలు పుట్టి, కుళాయి నీళ్లు తాగి, ఇవి ఎక్కడివని అడిగితే ఈ కథ చెప్పండి. తట్టంటే ఇక్కడ గుర్రమని మాత్రం ముందే చెప్పండి, లేకపోతే ఎవరో ఒకరు వేపకొమ్మల కోసం లేస్తారు. చెప్పేటప్పుడు వాళ్లని ఒళ్లో కూర్చోబెట్టుకోండి. బరువనిపించినా దించకండి.