ఇంజన్ అడుగున అక్షరం

ఇమ్మాన్యుయేల్‌కు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిందని తెలిసి మదన్ మోహన్ హైదరాబాద్ నుంచి పండ్లు పట్టుకుని వచ్చాడు. పండ్లతోపాటు ఖాళీ అట్టపెట్టె కూడా తెచ్చాడు. సగంలో ఆగిన రైలింజన్‌ను తీసుకుపోవడానికేనని ఇమ్మాన్యుయేల్ భార్య ఎలిశిబాకు చూడగానే అర్థమైంది.

అది పిల్లలాడుకునే బొమ్మ కాదు. పాతకాలపు ఆవిరి ఇంజన్‌కు అచ్చమైన నకలు, జానెడు పొడవు కూడా ఉండదు. మదన్ మోహన్‌ది అల్లాదుర్గ్‌లో భూములున్న కుటుంబం. ఇలాంటి నమూనా ఇంజన్లు చేయించి, వాటిని సేకరించేవాళ్లకు అమ్ముతాడు. వాటికి కావలసిన ఇత్తడి సామానంతా, పొగగొట్టం మొదలు బియ్యపుగింజంత విజిల్ దాకా, మెదక్‌లో చర్చి వెనక సందులో ఉన్న ఈ ఇంట్లోనే తయారవుతుంది. ప్రతి ఇంజన్ అడుగునా ‘ఇ’ అని చిన్న ముద్ర ఉంటుంది. ఆ ముద్ర చూసే కొనేవాళ్లున్నారు.

పెద్ద భాగాలు ఇమ్మాన్యుయేల్ లేత్ మిషన్ మీద తిప్పి చేసేవాడు. అతని చూపు మందగించినప్పటి నుంచి సన్నపనంతా ఎలిశిబాదే. దీపాలకూ మెట్లకూ రేకు కోసేది, ఆకురాయి పట్టేది, వెంట్రుకంత చేతికడ్డీలకు టంకం పెట్టేది ఆమే. ఈ సంగతి ఎవరూ దాచలేదు. ఎవరూ అడగలేదు, అంతే.

మదన్ మోహన్ కాసేపు పరామర్శించి, ఇంజన్‌ను త్వరలో జరిగే ప్రదర్శనలో అమ్మకానికి పెట్టాలని, మిగిలిన పని బయట చేయించుకుంటానని అన్నాడు. ఎలిశిబా అట్టపెట్టెను పక్కకు జరిపింది. ప్రదర్శన లోపు తానే పూర్తి చేస్తానని, అప్పుడొచ్చి చూసుకోమని చెప్పింది. ఆయన అనుమానంగా మంచం వైపు చూశాడు.

“చేస్తది సార్” అన్నాడు ఇమ్మాన్యుయేల్, వంకరపోయిన మూతితోనే.

పొద్దున భర్తకు స్నానం చేయించి, దవాఖానలో చూపించినట్టు చేతికి కసరత్తు చేయించి, ఆ తర్వాత కిటికీ వెలుగులో కూర్చునేది ఎలిశిబా. ఒకసారి దీపానికి టంకం పెడుతుంటే మంట కాస్త ఎక్కువై, అంతకుముందు అతికిన చేతికడ్డీ ఊడిపడింది. కళ్లు తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టింది. చివరికి విజిల్ కూడా తన చోట నిలబడ్డాక, ఒక ఉక్కు ములుకు తీసుకుని దాని కొన మీద ఒక అక్షరాన్ని తిరగేసి చెక్కసాగింది. ఉక్కు మీద ఆకురాయి చప్పుడు వేరుగా ఉంటుంది. ఇమ్మాన్యుయేల్ తల తిప్పాడు.

“స్టీలెందుకు రాకుతున్నవ్?”

“ముద్ర చేస్తున్న. నాది.”

“నాది సరిపోతలేదా?”

“నువ్వు చేసినదానికి సరిపోతది. నేను చేసినదానికి నాది కావాలె.”

“నేనింకా సచ్చిపోలే ఎలిశిబా” అని అతను గోడవైపు తిరిగాడు.

ఆ మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. చేతిలో పని ఆగింది. లేచి వెళ్లి దుప్పటి సరిచేసింది, నీళ్లు తాగించింది. మళ్లీ వచ్చి కూర్చుని ఆ అక్షరాన్నే చెక్కింది.

ఆదివారం దాకా ఇద్దరి మధ్యా మాటల్లేవు. చర్చి నుంచి వచ్చాక ఆమె ఇంజన్ అడుగున ముందు భర్త ‘ఇ’ కొట్టింది, పక్కనే తన ‘ఎ’ కొట్టింది. తీసుకెళ్లి అతని ఎడమచేతిలో పెట్టింది. అతను బొటనవేలితో అడుగంతా తడిమి చూశాడు. రెండో అక్షరం దగ్గర వేలు ఆగింది.

“లోతు పడలే” అన్నాడు. “భయపడుకుంట కొట్టినవ్. మళ్ల కొట్టు.”

ఆమె మళ్లీ కొట్టింది. ఈసారి సుత్తి చప్పుడు వీధిలోకి వినిపించింది.

మదన్ మోహన్ వచ్చి ఇంజన్‌ను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి సంతోషపడ్డాడు. బోర్లించగానే మొహం మారింది. కొనేవాళ్లకు ‘ఇ’ ఒక్కటే తెలుసు, కొత్త అక్షరం కనిపిస్తే నకిలీ అనుకుంటారు, దాన్ని అరగదీసి ఇమ్మన్నాడు.

“అరగదీస్తే నేను చేసినయన్ని ఊడదీస్త సార్” అంది ఎలిశిబా. “ఉత్త డొల్ల మిగుల్తది. గా డొల్ల తీస్కపోండ్రి.”

ఆయన మంచం వైపు తిరిగి, జర నచ్చజెప్పమని ఇమ్మాన్యుయేల్‌ను అడిగాడు.

“ముద్ర మంచిగనే పడ్డది సార్” అన్నాడు ఇమ్మాన్యుయేల్. “నేనే చూసిన.”

ప్రదర్శన దగ్గర పడింది. మదన్ మోహన్ చేసేది లేక ఇంజన్‌ను రెండక్షరాలతోనే పెట్టెలో పెట్టించుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, ఇక ముందు పని ఇస్తానని మాట ఇవ్వలేనన్నాడు. ఎలిశిబా మంచిదంది. పెట్టె జాగ్రత్తగా పట్టుకోమని కూడా చెప్పి తలుపు వేసింది.

ఆ మధ్యాహ్నమే లేత్ మీది గుడ్డ తీసింది. ఇన్నేళ్లలో ఆ మిషన్ ముందు ఆమె కూర్చోలేదు. కొత్త ఇంజన్ ఎవరూ అడగలేదు, ఎవరు కొంటారో తెలియదు. అయినా పొగగొట్టం నుంచి చక్రాల దాకా తానే చేయాలనుకుంది. చెంగు బిగించి, ఇత్తడి కడ్డీ ఎక్కించి, ఇమ్మాన్యుయేల్‌ను మంచం మీంచి కుర్చీలోకి దించి తన పక్కకు లాక్కుంది. మిషన్ గిర్రున తిరిగింది.

“స్పీడ్ తగ్గియ్” అన్నాడతను.

ఆమె తగ్గించలేదు. ఇత్తడి రజను పచ్చగా ఎగిరి ఇద్దరి మీదా పడింది.