బాల్కనీలో ఆరిన జడ

నేను ఒక సవరాన్ని. ఏదో మామూలు సవరం అనుకునేరు! పొడవు మూడున్నర అడుగులు. హిందీ సినిమాలు చూసే దేశంలో సగం నన్ను చూసి నిట్టూర్చింది, మిగతా సగం తలకు రాసుకునే నూనె మార్చింది. నాలో కనీసం ఏడుగురు ఆడవాళ్ళ జుట్టు ఉంది. అందరూ తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చినవాళ్ళే. ఎవరి మొక్కు దేనికో నాకు తెలియదు. మద్రాసు కోడంబాకంలో విగ్గులు కట్టే ముసలి మేస్త్రి ఒకాయన మమ్మల్ని దువ్వి, కలిపి, నల్లదారంతో బిగించి ఒక్కటి చేశాడు. పని పూర్తయ్యాక నన్ను ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. గర్వపడటం నేను అక్కడే నేర్చుకున్నాను.

నన్ను కొన్నది అనకాపల్లి నుంచి వచ్చిన అప్పయ్యమ్మ. తనకోసం కాదు, అక్క కూతురు వరహాలు కోసం. తల్లి పోయిన ఆ పిల్లను పిన్నే పెంచి, నాట్యం నేర్పించింది. పదిహేడో ఏట వరహాలుకు టైఫాయిడ్ వచ్చి జుట్టంతా రాలిపోయింది. మళ్ళీ మొలిచింది గాని భుజాలు దాటనని మొండికేసింది. నేను వచ్చాక ఆ లోటు తెలియలేదు. మద్రాసులో ఆమె నాట్యం చూసిన బొంబాయి దర్శకుడు బక్షీ ఆమెను తన సినిమాలోకి తీసుకున్నాడు. నీలాంజన అని పేరు కూడా పెట్టాడు. నాట్యం చూశాడో నన్ను చూశాడో ఆయనకే తెలియాలి.

అప్పట్లో బొంబాయి స్టూడియోల్లో ముఖానికి రంగు వేసే పని మగవాళ్ళది, తల దువ్వే పని ఆడవాళ్ళది. ఆ కట్టుబాటు మా పాలిట వరమైంది. అప్పయ్యమ్మ ఇంట్లోనే నన్ను అమర్చి తీసుకువచ్చేది. సెట్లో ఇంకెవరి చెయ్యీ ఆ తలమీద పడనిచ్చేది కాదు. ఆరేళ్ళు, పధ్నాలుగు సినిమాలు. ప్రతి సినిమాలోనూ నీలాంజన కోపం వస్తే నన్ను వెనక్కి విసిరికొట్టాలి, సిగ్గుపడితే ముందుకు లాక్కుని చివర మెలిపెట్టాలి. ఏడుపు సీన్లయితే మరీ వింత. ఆమె గోడకు తిరిగి నిలబడేది. కెమెరా వీపుమీద కదిలే నన్ను చూపించేది. హాల్లో జనం ముక్కులు చీదేవాళ్ళు. హీరో ఇంద్రనాథ్ నా అందం మీద ఎన్ని పాటలు పాడాడో! ఆ పాడే పెద్దమనిషి తలమీద ఉన్నది నా దూరపు చుట్టమే. ఆ సంగతి బొంబాయిలో అందరికీ తెలుసు, ఎవరూ రాయరు. మగవాళ్ళ బట్టతల మీద లోకానికి ఉన్న దయ అంతా ఇంతా కాదు.

ఒక వానాకాలం వానపాట తీశారు. నేను రెండు రోజులు నానిపోయాను. అప్పయ్యమ్మ కుంకుడుకాయతో నన్ను రుద్ది, ఎప్పటిలా గదిలో ఫ్యాను కింద వేసింది. నాలుగు రోజులైనా తడి ఆరలేదు, వాసన మొదలైంది. అయిదో రోజు ఎండ కాసింది. ఆవిడ అనకాపల్లి పెరట్లో ఉన్నాననుకుందో ఏమో, నన్ను తీసుకెళ్ళి బాల్కనీలో తీగమీద, లంగాల మధ్య, రెండు క్లిప్పులు పెట్టి ఆరేసింది. ఎదురు మేడలో ఒక సినిమా పత్రిక ఫొటోగ్రాఫరు కాపురం. వారం తిరిగేసరికి నేను ముఖచిత్రమయ్యాను. 'నీలాంజన జడ ఇక్కడుంది, నీలాంజన ఎక్కడ?' అని కింద అచ్చేశారు.

"ఓలమ్మో! నా సేతుల్తో నేనే నీ కొంప కూల్చీసినానే వరాలూ! ఎండ కాసింది గదాని ఆరేసినాను," అని అప్పయ్యమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఊరుకో పిన్నీ. తడిసిన జడ ఆరబెట్టక ఏటి సేస్తాం? పెట్టిలో ఎట్టి కుళ్ళబెడతామా?" అంది వరహాలు. పత్రికను బోర్లించి బల్లమీద పెట్టింది.

బక్షీ కబురు మర్నాడే వచ్చింది. తీస్తున్న సినిమా ముప్పాతిక పూర్తయినా సరే, ఇంకో అమ్మాయితో మళ్ళీ తీస్తాడట. ఒక సినిమాలోంచి తీసేశారన్న పేరు పడితే ఇంకెవరూ పిలవరని ముగ్గురికీ తెలుసు. నన్నూ కలుపుకునే అంటున్నాను. వరహాలు నన్ను పెట్టుకోకుండా, భుజాల దాకా ఉన్న సొంత జుట్టుతో స్టూడియోకు వెళ్ళింది. నేను అప్పయ్యమ్మ సంచిలో ఉన్నాను.

"జైలు సీను ఒక్కటి ఇలాగే తీయండి," అని ఆమె బక్షీని హిందీలో అడిగింది. "నచ్చకపోతే నేనే వెళ్ళిపోతాను."

"ముందు రీళ్ళలో అంత జడ ఉంది. అదేమైందని జనం అడగరా?"

"కథలో ఏడేళ్ళు గడిచాయి కదా. ఆమెకు టైఫాయిడ్ వచ్చిందనుకోండి. నాకు వచ్చింది." బక్షీ వైపు ఒక అడుగు వేసి మళ్ళీ అంది. "ఆరేళ్ళుగా మీరు నా వీపు తీశారు. ఒక్కసారి ముఖం తీసి చూడండి."

బక్షీ లైట్లు వెయ్యమన్నాడు.

ఏడేళ్ళ తర్వాత భర్తను జైల్లో చూసే సీను అది. ఇనుప వల అవతల ఇంద్రనాథ్ వచ్చి నిలబడ్డాడు. ఆమె సిగ్గుపడాలి, నవ్వాలి, ఏడవకూడదు. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి భుజం మీదికి లేచింది, నన్ను ముందుకు లాక్కోవడానికి. నేను అక్కడ లేను. చెయ్యి గాలిలో ఆగిపోయింది. తప్పు జరిగిపోయిందని అప్పయ్యమ్మ సంచిలో ఉన్న నన్ను పీక నొక్కినట్టు నొక్కేసింది. కానీ వరహాలు చెయ్యి దించలేదు. ఆ ఖాళీని వేళ్ళతో మెల్లగా తడుముకుంది. మొగుడు ఆ ఖాళీనే చూస్తున్నాడని గ్రహించి, పొట్టి జుట్టును చెవి వెనక్కి సర్దుకుని నవ్వింది. వల అవతల ఇంద్రనాథ్ తన డైలాగు మరిచిపోయి నిజంగానే ఏడ్చాడు.

షాట్ అయ్యాక బక్షీ ఆమెను రేపు ఉదయం ఎనిమిదికి రమ్మని మాత్రం చెప్పాడు. ఇంద్రనాథ్ మేకప్‌మన్‌ను పిలిచి, ఏడేళ్ళు జైల్లో ఉన్నవాడికి ఇంత జుట్టేమిటయ్యా అని, తన విగ్గు తనే ఊడదీసి ఇచ్చాడు.

వరహాలు ఆ తర్వాత ఇరవై రెండు సినిమాలు చేసింది. ఒక్కదాంట్లోనూ నేను లేను. ఇప్పుడు పుణెలో ఒక సినిమా మ్యూజియంలో, గాజు పెట్టెలో ఉన్నాను. పక్కన తెరమీద ఆ జైలు సీను రోజంతా తిరుగుతూ ఉంటుంది. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. ఆమె చెయ్యి లేచిన ప్రతిసారీ, అక్కడ లేకపోవడమే నేను చేసిన గొప్ప నటన అనుకుంటాను.