హెచ్ వరస, ఏడో సీటు

చేప ముక్కను పిండిలో దొర్లించి, గుడ్డు సొనలో ముంచి పెనం మీద వేసేసరికి పొద్దున తొమ్మిది నలభై అయింది. సరిగ్గా అప్పుడే దేగు నగరం నడిబొడ్డున సినిమా హాల్లో దీపాలు ఆరిపోయి ఉంటాయి. అక్కడ హెచ్ వరసలో ఏడో సీటు నాది, టికెట్ కొన్నాను. నేను మాత్రం మామగారి తద్దినానికని వంటింట్లో నేల మీద పాత పేపర్లు పరుచుకుని పెనం ముందు చతికిలబడ్డాను.

ఇలా టికెట్ కొని సినిమాకు వెళ్ళకపోవడాన్ని మేం ఆడవాళ్ళం ‘ఆత్మను పంపడం’ అంటాం. ఆడవాళ్ళు తీసిన చిన్న సినిమాలు వారం తిరక్కుండానే హాళ్ళలోంచి ఎగిరిపోతాయి. నాలుగు టికెట్లు తెగితే ఇంకో రెండు రోజులు ఆడుతుందన్న ఆశతో, తీరిక లేనివాళ్ళం ఆత్మను పంపి ఊరుకుంటాం. ఈ సినిమా బడి వంటశాలలో వండే ఆడవాళ్ళ కథ. పద్నాలుగేళ్ళుగా నేనూ బడి వంటశాలలోనే గరిటె తిప్పుతున్నాను. తెర మీద నాలాంటి మనిషి కనబడటం నా ఎరికలో ఇదే మొదలు. ఈ శనివారం పొద్దుటి ఆటే దానికి ఆఖరిది.

"జున్హా వాళ్ళమ్మా, మాడు వాసనొస్తోంది! మనసెక్కడ పెట్టావ్?" అని అత్తయ్య గదిలోంచే కేకేసింది.

ఎక్కడ పెట్టానో చెప్పగలనా? ముక్క తిరగేశాను.

నేను సినిమా పండితురాలినేం కాదు. సెలవు శనివారాల్లో భుజం నొప్పికి వైద్యమని ఇంట్లో చెప్పి, టికెట్ చవగ్గా దొరికే పొద్దుటి ఆటకు పోతాను. అబద్ధమాడిన పాపానికి భుజం నిజంగానే నొప్పెడుతుంది. ఈ ఏడాది ఒక యుద్ధం సినిమా చూశాను. మూడు వందలమంది నలభై రోజులపాటు కోటను కాపాడారు, బాగానే ఉంది, కానీ వాళ్ళకు అన్నం ఎవరు వండారో ఒక్క ముక్క చెప్పలేదు. దయ్యాల సినిమాలో కోడలు దయ్యమై అత్తింటి వంటింట్లో తిరుగుతుంది. హాలంతా కెవ్వుమంటే నాకు నవ్వొచ్చింది, చచ్చి కూడా వంటిల్లు వదల్లేదు కదా అని. ప్రేమకథలో ఆ పిల్ల నూడుల్స్ తిని, గిన్నె సింకులో పడేసి, కిటికీలోంచి వాన చూస్తుంది. ఆ గిన్నె ఎవరు కడుగుతారా అని మిగతా గంటసేపూ నాకదే బెంగ. హాస్య సినిమాకైతే కళ్ళ నీళ్ళు కారేలా నవ్వాను. బయటికొచ్చాక, అత్తయ్యను ఇంట్లో ఒంటరిగా వదిలేసి ఇక్కడ ఇకిలిస్తున్నానా అని సిగ్గేసి, ఆవిడకిష్టమైన ఎర్ర చిక్కుడు గింజల రొట్టె కొని పట్టుకెళ్ళాను.

ఓసారి అన్నాల దగ్గర ఆ యుద్ధం సినిమా మాటొచ్చింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "నీకేం తెలుసు సినిమాల సంగతి? టీవీ ముందు పది నిమిషాలకే గుర్రు పెడతావ్" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ సినిమా ఆయన చూడలేదు.

సాయంత్రం బల్ల మీద పళ్ళు, చేపలు, అన్నం, చారు అమర్చాక మా ఆయన వీధి తలుపు బెత్తెడు తెరిచిపెట్టాడు, మామగారు లోపలికి రావాలి కదా. ఆయన తినేటప్పుడు చూడకూడదని అందరం గదిలోంచి ఇవతలికొచ్చి నిలబడ్డాం.

"నిజంగా వస్తారా అత్తయ్యా?" అన్నాను నెమ్మదిగా.

"రాకేం! ఒంటితో వస్తేనే వచ్చినట్టా? మనసొస్తే చాలదూ?"

మామగారు మంచివారు. మంచాన పడ్డ మూడేళ్ళూ నేనే చూసుకున్నాను. ఒకరోజు గంజి తాగిస్తుంటే, "నీ పేరేమిటమ్మా?" అని అడిగారు. ఆ ఇంట్లో అడుగుపెట్టిన ఇరవై నాలుగేళ్ళకు! "మిహ్యాంగ్, మామయ్యా" అని చెప్పాను. నా పేరు అడిగిన ఒక్క మనిషి తద్దినం రోజున మనసు సినిమా హాల్లో పెట్టుకుని ఆయన చేపలు మాడ్చానే అని, వారమంతా తిన్నది ఒంటికి పట్టలేదు.

మళ్ళీ శనివారం ఇంకేదో సినిమాకు వెళ్ళాను. అక్కడ హాళ్ళు ఊడ్చే ఆవిడ నాకు ముఖపరిచయం.

"పోయిన వారం ఆ బడి వంటవాళ్ళ సినిమాకి జనం వచ్చారా అక్కా?"

"ఆఖరి ఆటకా? పదకొండు టికెట్లు తెగాయంట. ఊడుద్దామని వెళ్తే నేల మీద పాప్‌కార్న్ గింజ కూడా లేదు. ఒక్క పురుగు వస్తే ఒట్టు! దాని పాటికది ఆడి, దాని పాటికది ఆగిపోయింది."

ఆ పదకొండుమందిమీ ఎవరో ఒకరు వెళ్తారులే అనుకుని ఉంటాం. ఎవరి పెనం ముందు వాళ్ళం కూర్చుని ఉంటాం. అక్కడేమో ఆ వంటమ్మలు ఆవిరి పొగల్లో నిలబడి తమ గోడు చెప్పుకున్నారు, వినడానికి ఒక్క మనిషి లేదు. వారమంతా మామగారికి అన్యాయం చేశానని కుమిలిపోయాను. ఆయనకు కనీసం వేడన్నం పెట్టాను. వీళ్ళ ముందు ఊరికే కూర్చోవడానికి కూడా నా చేత కాలేదు. ఆ పూట చూసిన సినిమా ఏమిటో ఇప్పుడడిగినా చెప్పలేను.

ఇంటికెళ్ళేసరికి మా ఆయన టీవీ ముందున్నాడు. తల తిప్పకుండానే, "వచ్చే నెల మా నాయనమ్మ తద్దినం శనివారమే పడింది. తమ్ముడు వాళ్ళూ వస్తారు, చేపలు కాస్త ఎక్కువ వెయ్యి" అన్నాడు.

నేనింకా చెప్పులు కూడా విడవలేదు.

"ఆ రోజు నేను ఉండటం లేదండీ. సినిమాకి వెళ్తున్నాను. ఇన్నాళ్ళూ భుజం వైద్యమని వెళ్ళింది కూడా సినిమాలకే."

టీవీ నోరు మూసేశాడు. అత్తయ్య గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆవిడ మొహం చూడలేక తల దించుకున్నాను.

"మతి పోయిందా? ఇంటి పెద్దకోడలివి, నువ్వు లేకుండా తద్దినమా?" అన్నాడు మా ఆయన.

"లేకుండా ఎందుకు? నా ఆత్మను పంపిస్తాను. తలుపు బెత్తెడు తెరిచి ఉంచండి."