ఎదురు రంగులు

తమ్ముడు పోయింది గురువారం నాడు. ఆ సమయానికి ఆమె ఏడో తరగతి గదిలో నల్లబల్ల మీద రంగుల చక్రం గీస్తోంది. ఎరుపుకి ఎదురుగా ఆకుపచ్చ, పసుపుకి ఎదురుగా ఊదా, నీలానికి ఎదురుగా నారింజ. పదహారేళ్లుగా ప్రతి ఏడూ ఇదే పాఠం. ఎదురు రంగుల్ని పక్కపక్కన పెడితే ఒకదాన్ని ఒకటి లేపుతాయి అన్న మాట సగంలో ఉండగా అటెండరు గుమ్మంలో నిలబడి, మేడమ్‌ని ఆఫీసు గదికి రమ్మంటున్నారని చెప్పాడు. ఆమె వాక్యం పూర్తి చేసి, చేతికంటిన సుద్ద దులుపుకొని వెళ్లింది.

కొరియర్ ఆఫీసులో పార్సిళ్ల మధ్య కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగాడట. మెదడులో నరం చిట్లిందన్నారు డాక్టర్లు. ఆమె కంటే పదేళ్లు చిన్న. పొద్దున టిఫిన్ బాక్సు మరిచిపోయి, సగం మెట్లు దిగి, మళ్లీ వెనక్కొచ్చి తీసుకెళ్లినవాడు మధ్యాహ్నానికి లేడు. ఇంట్లో మిగిలింది ఆమె, అమ్మ.

పదిరోజులు గడిచాక తమ్ముడి గది సర్దుదామని వెళ్లి, సర్దలేక, బల్ల మీదున్న ల్యాప్‌టాప్ తెరిచింది. తమ్ముడు సాయంత్రాలు ఆటలు ఆడతాడని తెలుసు గానీ, కడతాడని అప్పుడే తెలిసింది. ఆటగాడు ఒక చివర నుంచి ఇంకో చివరికి దూకుతూ, పాకుతూ దాటాల్సిన దారిని లెవెల్ అంటారు. ఆ లెవెల్‌ని ఎవరికి వారు కట్టుకోవడానికి ఆటలోనే ఎడిటర్ అని ఒకటి ఉంటుంది. తమ్ముడు అందులో దిట్ట. అరవై మంది ఉన్న ఒక గుంపులో వాడిని అందరూ మేస్త్రి అని పిలుస్తారు. అందులో ఎవరికీ అసలు పేర్లు లేవు. గుడ్లగూబ, కత్తెర, సగం టీ, ఇలాంటివే.

మేస్త్రి ఇక లేడని వాళ్లకి అప్పటికే తెలిసింది. వాడు చివరగా కడుతున్నది ఏడు గదుల ఇల్లు. ఐదు గదులు పూర్తయ్యాయి. ఆరు, ఏడు గదుల్లో గోడలున్నాయి, అలంకరణ లేదు. నెలాఖరుకి ఆ ఇంటిని తమ పేజీలో అన్నిటికంటే పైన పెట్టాలని గుంపు అనుకుంది. ఎవరు పూర్తి చేస్తారు అని గుడ్లగూబ అడిగిన చోట మాటలు ఆగిపోయి ఉన్నాయి. ఆమె రెండు సార్లు టైపు చేసి చెరిపి, మూడోసారి పంపింది. నేను మేస్త్రి అక్కని, డ్రాయింగ్ టీచర్ని, నేను చేస్తాను.

తమ్ముడి చేతిపని అంటూ లోకంలో మిగిలింది అదొక్కటే. అది అసంపూర్తిగా, ఎవరి చేతుల్లోనో పడి పాడవకూడదు. ఆమెకు కావలసింది అంతే.

ఎడిటర్ తెరిచాక ఉస్సురనిపించింది. ఆకులు వెలిసిన పసుపు రంగులో ఉన్నాయి. ముళ్లేమో ముదురు నీలం. గోడలు బూడిద. పూలున్నాయి, దీపాలున్నాయి, కిటికీ మీద పాకిన తీగలున్నాయి. ఒక్కో ఆకూ ఓపికగా తిప్పి పెట్టిందే. రంగు దగ్గరికొచ్చేసరికి మాత్రం నీళ్లలో నానబెట్టి ఆరేసిన పాత దుప్పటిలా ఉంది ఇల్లంతా. వీడికి చిన్నప్పటి నుంచీ రంగులంటే బద్ధకమే అనుకుంది.

ఒక్కో గదికి వేరేగా పన్నెండు రంగులు. ఒక రంగు మార్చితే ఆ గదిలో ఆ రంగు వేసుకున్న వస్తువులన్నీ ఒక్కసారిగా మారతాయి. రంగులకి గదికో రకంగా పేర్లు కూడా పెట్టుకోవచ్చు. తమ్ముడు పెట్టిన పేర్లు చూసి, వాడు పోయాక మొదటిసారి ఆమెకు నవ్వొచ్చింది. తాకితే పోతావ్. ఎక్కొచ్చు. ఆగి ఊపిరి తీస్కో. దూరం. ఇంకా దూరం. ఊరికే చూడ్డానికి. రంగు పేరు ఒక్కటీ లేదు. టీచరు చెయ్యి ఊరుకుంటుందా? తాకితే పోతావ్ తీసేసి ముదురు ఎరుపు అని రాసింది. ఎక్కొచ్చు తీసేసి చిలకపచ్చ అని రాసింది.

కొత్త గదుల జోలికి వెళ్లే ముందు పాత ఐదూ బాగు చేయాలనుకుంది. బడి నుంచి రాగానే కాళ్లు కడుక్కుని కూర్చునేది. తెలిసిన విద్యంతా పెట్టింది. వెనక గోడని మసకగా ఉంచితేనే ముందున్న పువ్వు పలుకుతుంది. దూరపు కొమ్మల మీద పల్చటి మంచు కప్పితే దగ్గరి కొమ్మ చేతికందేలా ఉంటుంది. దీపం వెలిగినట్టు ఉండాలంటే దీపానికి కాదు, దాని చుట్టూ ఉన్న గోడకి కొంచెం పసుపు పూయాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఆమె ఏటా చెప్పే పాఠం. పచ్చటి ఆకుల మధ్య ఎర్రటి ముళ్లు, పచ్చటి తీగ మీద ఎర్రటి పూలు. పెట్టిన క్షణమే తెర లేచి కూర్చుంది. పన్నెండు సాయంత్రాలకి ఐదు గదులూ పండగకి సున్నం వేసిన ఇళ్లలా కళకళలాడాయి. ప్రతి రోజూ పాత దాని మీదే భద్రం చేసింది. ఇంకో నకలు ఉంచుకోవాలన్న ఆలోచనే రాలేదు. దిద్దిన తప్పుని మళ్లీ దాచుకునేవాళ్లు ఎవరు?

ఒకటి రెండు సార్లు అమ్మ వెనకగా వచ్చి నిలబడింది. బాగుందే అంది. పంపే ముందు ఆ పిల్లల్లో ఎవరికైనా చూపించు అని కూడా అంది.

గుంపులో కత్తెర అనే మనిషి ఆ ఊళ్లోనే ఉన్నాడు. ఎవరు లెవెల్ కట్టినా మొదట ఆడి లోపాలు చెప్పేది అతనే. ఆదివారం షాపుకి రమ్మన్నాడు. ఆమె ఏ కాలేజీ కుర్రాడో అనుకుంది. వెళ్లి చూస్తే నలభై దాటిన టైలరు. ఇరుకు షాపు, రెండు మిషన్లు, కింద గుడ్డ పీలికలు. గోడకి కొట్టిన మేకులకి దారపు రీళ్లు, ప్రతి రీలుకీ చిన్న కాగితం చీటీ అతికించి ఉంది. ఎరుపు, మెరూను, ఆకుపచ్చ, నలుపు అని గుండ్రటి అక్షరాలు. ఆ చీటీలు ఎందుకో ఆమె ఆలోచించలేదు. టైలరు భార్య కుర్చీ తుడిచి వేసి, మీ తమ్ముడు రెండు సార్లు వచ్చాడండీ, ఈయన పని మాని అతనితో గంటల తరబడి కూర్చున్నాడు, అని చెప్పి గుండీలు కుట్టుకోవడంలో పడింది.

టైలరు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. మొదటి గదిలోనే పోయాడు. మళ్లీ మొదలెట్టాడు, మళ్లీ అక్కడే పోయాడు. మూడోసారి కూడా అంతే. పాపం, తను పక్కన ఉండటంతో చెయ్యి వణుకుతోందేమో అనుకుని ఆమె కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుంది.

"మేడమ్, ఇందులో ముళ్లెక్కడున్నాయి?"

ఆమె వేలితో చూపించింది. ఎర్రగా కనపడుతున్నాయి కదా అంది.

"మరి ఎక్కాల్సిన ఆకులు?"

వాటి పక్కనే ఉన్నాయని చూపించింది. టైలరు తెరకి ముఖం దగ్గరగా పెట్టి చూసి, వెనక్కి వాలాడు.

"నాకు రెండూ ఒకటే మట్టండీ."

గుండీలు కుడుతున్న భార్య తలెత్తకుండానే అంది. "ఆయనకి ఎరుపూ పచ్చా తేడా తెలీదమ్మా, మెరూనైతే నలుపే. ఒకసారి నల్ల ప్యాంటు మెరూను దారంతో కుట్టిచ్చాడు. కస్టమరు పెద్దమనిషి కాబట్టి ఫ్యాషన్ అనుకుని వేసుకుపోయాడు. ఆ చీటీలు అప్పుడు అతికించినవే."

ఆమె నవ్వబోయింది. టైలరు నవ్వలేదు. గుంపులో అరవై మందీ అలాంటివాళ్లేనని నెమ్మదిగా చెప్పాడు. మామూలు లెవెల్స్‌లో ఏది ముల్లో ఏది మెట్టో తెలియక చచ్చి చచ్చి విసిగినవాళ్లు. వాళ్ల కోసం కట్టేవాడు ఒక్కడే దొరికాడు.

"ఆయన మీ కోసం అలా కట్టేవాడా?" అంది ఆమె. తమ్ముడిని ఆయన అన్నానని ఆమెకు తెలియలేదు.

"మా కోసమే కాదండీ. మేస్త్రికీ అంతే కదా." టైలరు ఆమె ముఖం చూసి ఆగాడు. "మీకు తెలీదా?"

 షాపు బయట ఎవరో స్కూటరు స్టాండు వేస్తున్న చప్పుడు, లోపల మిషను తైలం వాసన, భార్య చేతిలో సూది గుడ్డలోంచి పైకి రావడం, అన్నీ విడివిడిగా తెలుస్తున్నాయి. ఒకదానికొకటి కలవడం లేదు. పదహారేళ్లు రంగుల పాఠం చెప్పిన మనిషి. ఆ పిల్లాడు ఆమె చేతుల మీద పెరిగాడు.

టైలరు ల్యాప్‌టాప్‌లో ఏదో నొక్కాడు. తెరలోంచి రంగులన్నీ పోయి నలుపు తెలుపు మిగిలింది. మీరే చూడండి మేడమ్ అన్నాడు. ఆమె పన్నెండు సాయంత్రాలు కూర్చుని వెలిగించిన గదుల్లో మొదటిది ఒకే బూడిద ముద్దలా ఉంది. ఆకు ఎక్కడ ఆగి ముల్లు ఎక్కడ మొదలైందో ఆమె కళ్లకే ఆనలేదు. తర్వాత తన ఫోను తీశాడు. ఎప్పుడో ఆడి చూడమని తమ్ముడు పంపిన మొదటి మూడు గదులు అందులో ఉన్నాయి. వాటిలో కూడా రంగు తీసేసి ఆమె ముందు పెట్టాడు. అదే గది అక్కడ వెలుగుతోంది. ముల్లు చీకటి, ఆకు వెన్నెల, వెనక కొమ్మ ఆ రెండిటికీ మధ్య, దాని వెనక కొమ్మ ఇంకాస్త లేత. ఏదీ దేనిలో కలవలేదు. ఆరేసిన పాత దుప్పటి అనుకున్నది ఇదే.

ఇంటికి నడిచే వచ్చింది. దారిలో ఒక్క సంగతే మళ్లీ మళ్లీ వచ్చింది. ఆమెకు ఉద్యోగం వచ్చిన మొదటి ఏడు, తమ్ముడు ఆమె తరగతిలోనే ఏడో క్లాసు. చెట్టు గీయమంటే గీశాడు. ఆకులు మట్టి రంగు, మాను పచ్చ. ఇంట్లోవాడని పక్షపాతం చూపిస్తున్నారని ఎవరూ అనకూడదని ఆ బొమ్మని పైకెత్తి అందరికీ చూపించింది. చెట్టుని తలకిందులుగా పాతావా నాయనా అంది. క్లాసంతా నవ్వింది. వాడూ నవ్వాడు. ఆ తర్వాత వాడు పెన్సిలు తప్ప ముట్టుకోలేదు. అదే బద్ధకం అనుకుంది.

అమ్మ వంటగదిలో టమాటాలు తరుగుతోంది. ఆమె గుమ్మంలోనే నిలబడి విన్నది విన్నట్టు చెప్పింది. అమ్మ కత్తి ఆపింది, తల ఎత్తలేదు.

"నాకు తెలుసు."

"ఎప్పట్నించి?"

"నువ్వు చెట్టు గురించి అన్న రోజు నుంచి. మా నాన్నకీ అంతే. పండిన టమాటాలు కోసుకు రమ్మంటే పచ్చివీ పండువీ కలిపి బుట్ట నింపుకొచ్చేవాడు. మా అమ్మ తిట్టని రోజు లేదు. వీడు ఏడుస్తూ వచ్చి చెప్పగానే అర్థమైంది."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "వాడే వద్దన్నాడు. అక్కకి చెబితే రేపట్నించి క్లాసులో సుద్దముక్క పట్టుకోలేదమ్మా అన్నాడు. పన్నెండేళ్ల వెధవ. ఒట్టు వేయించుకున్నాడు."

 నేను ఆ గదులు మారుస్తుంటే అయినా చెప్పొచ్చు కదా అని ఆమె అడిగింది.  వాడు వేసినవి తీసేస్తోందని తనకేం తెలుసని అమ్మ అంది. ఏవో బొమ్మలు వేస్తోంది కాబోలు అనుకుందట. ఆ పన్నెండు రోజులూ కూతురు కాస్త అన్నం తింది. తను చూసింది అదే, ఇంకేం చూడలేదు అంది.

మర్నాడు గుంపుకి జరిగింది జరిగినట్టు రాసింది. ఎవరూ మాట అనలేదు. నెలాఖరు తర్వాత కూడా నెలలుంటాయని సగం టీ రాశాడు. గుడ్లగూబ మాత్రం ఒక్క ప్రశ్న అడిగాడు. నాలుగు, ఐదు గదుల పాత నకలు ఎక్కడైనా ఉందా అక్కా? ఆమె ల్యాప్‌టాప్ అంతా వెతికింది. కొరియర్ ఆఫీసులో వాడి కంప్యూటర్ కూడా అడిగి చూసింది. లేదు.

మొదటి మూడు గదులూ టైలరు ఫోనులోంచి వచ్చాయి. అవి ఎలా ఉన్నాయో అలాగే ఉంచింది, ఒక్క ఆకు కదపలేదు. నాలుగో గది కోసం తెరలో రంగులు తీసేసి కూర్చుంటోంది. ముల్లుని నల్లబరుస్తుంది, ఆకుని తేలుస్తుంది, ఆ రెండిటి మధ్య కొమ్మని ఎక్కడ నిలపాలో తెలియక లేచి మంచినీళ్లు తాగి వస్తుంది. ఆదివారాలు టైలరు ఆడి చూస్తాడు. పోయిన వారం సగం దాకా వెళ్లి పడ్డాడు. దగ్గరికొచ్చారు మేడమ్ అన్నాడు. కానీ మేస్త్రిలా లేదు అని కూడా అన్నాడు, అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

ముదురు ఎరుపు, చిలకపచ్చ అని తను రాసినవన్నీ కొట్టేసి, తమ్ముడు పెట్టిన పేర్లు ఒక్కొక్కటే గుర్తు చేసుకుని రాసింది. నాలుగో గదిలో పన్నెండింటికి తొమ్మిది వచ్చాయి. మూడు రాలేదు. ఐదో గది ఆమె ఇంకా తెరవలేదు.